అప్‌డేట్ అయ్యింది, స్క్రీన్ పోయింది

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నాలుగు వర్చువల్ మిషన్ స్క్రీన్ గోలే, అందుకని మిగతావన్నీ వచ్చే నెలకి తోసేసి ఈసారి జాగా అంతా వీటికే ఇచ్చేస్తున్నా. వర్చువల్ మిషన్ అంటే మన కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్, వర్చువల్‌బాక్స్ అనేది దాన్ని నడిపే ప్రోగ్రాం. కమాండ్లు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నా, మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టుకోండి.

ప్రశ్న: సార్ నమస్తే. నేను కాకినాడలో బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతున్నా. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, 8 జీబీ ర్యామ్. వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు 24.04 వేసుకుని లైనక్స్ ల్యాబ్ ప్రోగ్రాములన్నీ అందులోనే చేస్తున్నా. మొన్న రాత్రి సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్ అని విండో వస్తే ఇన్‌స్టాల్ కొట్టేసా, రీస్టార్ట్ అడిగితే అదీ కొట్టేసా. ఇప్పుడు ఉబుంటు లోగో వస్తుంది, చక్రం తిరుగుతుంది, తర్వాత మొత్తం నలుపు, పైన ఎడమ మూల చిన్న గీత మాత్రం ఉంటుంది. అరగంట వదిలేసినా అంతే. మా సీనియర్ డిలీట్ చేసి మళ్లీ వేసుకో అంటున్నాడు కానీ సెమిస్టర్ మొత్తం రాసిన షెల్ స్క్రిప్టులు, మినీ ప్రాజెక్టు అందులోనే ఉన్నాయి సార్, ఇంకెక్కడా కాపీ లేదు. వచ్చే వారమే ఎక్స్‌టర్నల్. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆ సీనియర్ మాట మాత్రం వినకమ్మా. రిమూవ్ కొట్టగానే వర్చువల్‌బాక్స్ ఒక ప్రశ్న అడుగుతుంది, లిస్టులోంచి మాత్రమే తీసెయ్యాలా ఫైళ్లు కూడా తీసెయ్యాలా అని, కంగారులో డిలీట్ ఆల్ ఫైల్స్ నొక్కావో నీ సెమిస్టర్ అంతా గంగలో కలిసినట్టే, రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు. ఒకసారి నొక్కి తల పట్టుకుని కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

ముందు కాపీ తీసుకో. వర్చువల్ మిషన్‌ని పవర్ ఆఫ్ చేసి, విండోస్‌లో నీ యూజర్ ఫోల్డర్ తెరిస్తే వర్చువల్‌బాక్స్ వీఎంస్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, దాంట్లో నీ ఉబుంటు పేరుతో ఇంకోటి, దాంట్లో వీడీఐ అని చివర ఉన్న బండ ఫైలు, పదో పదిహేనో జీబీ ఉంటుంది. నీ స్క్రిప్టులు, ప్రాజెక్టు, పెట్టుకున్న వాల్‌పేపర్‌తో సహా అన్నీ ఆ ఒక్క ఫైల్లోనే ఉన్నాయి. ఆ ఫోల్డర్ మొత్తం బయటి డిస్కులోకో పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసేయ్. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కించుకోదు, డిస్క్ ఫుల్ అనో ఫైల్ టూ లార్జ్ అనో మొరాయిస్తుంది, దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌కి ఫార్మాట్ చేసుకుని పెట్టుకో. ఇది అయ్యాక ఇంక ఏం చేసినా భయం లేదు, పాడైతే మళ్లీ ఈ కాపీ తెచ్చుకోవడమే.

ఇప్పుడు చూడాల్సింది ఒకటే, మిషన్ పోయిందా, బొమ్మ ఒక్కటే పోయిందా? రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి గానీ చాలాసార్లు రెండోదే అయ్యుంటుంది. మిషన్ ఆన్ చేసి, ఆ నల్ల విండోలో మౌస్‌తో ఒకసారి క్లిక్ చేసి, కీబోర్డులో కుడివైపు కంట్రోల్ నొక్కి పట్టుకుని ఎఫ్3 కొట్టు, అవసరమైతే ఎఫ్ఎన్ కూడా కలుపు. కుడి కంట్రోల్ అనేది వర్చువల్‌బాక్స్‌లో హోస్ట్ కీ, దాంతో ఎఫ్3 కలిపితే లోపలి ఉబుంటుకి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ నొక్కినట్టు అందుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి కుడి కంట్రోల్ ఉండాల్సిన చోట కోపైలట్ కీ పెట్టేశారు, నీది అలాంటిదైతే వర్చువల్‌బాక్స్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ అనే చోట హోస్ట్ కీని వేరే దానికి మార్చుకో.

కొట్టాక ఒకటి రెండు సెకన్లలో తెల్ల అక్షరాల్లో ఉబుంటు 24.04, టీటీవై3 అని వచ్చి కింద లాగిన్ అని అడిగిందంటే అమ్మయ్య అనుకో. యూజర్ పేరు కొట్టు, పాస్‌వర్డ్ కొట్టు, పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు గానీ నక్షత్రాలు గానీ ఏమీ పడవు, కీబోర్డు పనిచెయ్యట్లేదేమో అనుకుని ఆగిపోకు, కొట్టి ఎంటర్ నొక్కు. లోపలికెళ్లాక ఎల్ఎస్ అని కొడితే నీ ఫోల్డర్లు కనిపిస్తాయి. అంటే మిషన్ బతికే ఉంది, డెస్క్‌టాప్ బొమ్మ వేసే భాగం మాత్రం కూలబడింది.

ఎందుకు కూలబడిందంటే, లోపలి ఉబుంటుకి నిజమైన గ్రాఫిక్స్ కార్డు లేదు కదా, వర్చువల్‌బాక్స్ ఒక ఉత్తుత్తి కార్డు చూపిస్తుంది. 2018 డిసెంబర్‌లో వచ్చిన 6.0 నుంచి లైనక్స్‌కి మామూలుగా ఇచ్చే ఆ కార్డు పేరు వీఎంఎస్‌వీజీఏ, అది నిజానికి వీఎంవేర్ అనే ఇంకో వర్చువల్ మిషన్ సాఫ్ట్‌వేర్ వాళ్ల కార్డుకి నకలు. లైనక్స్ కెర్నల్లో, అంటే హార్డ్‌వేర్‌ని నడిపే దాని గుండెకాయలో, వీఎంవేర్ కార్డు కోసం రాసిన వీఎండబ్ల్యూజీఎఫ్ఎక్స్ అనే డ్రైవర్ ఆ నకలుని చూసి అసలుదే అనుకుని పని మొదలెడుతుంది. ఇదంతా సజావుగా నడిచినన్నాళ్లు నడుస్తుంది, కెర్నల్ మారినప్పుడు పేచీ. ఉబుంటు 24.04 వచ్చినప్పుడు కెర్నల్ 6.8, 2025 ఫిబ్రవరిలో 24.04.2తో 6.11కి వెళ్లింది, ఆగస్టులో 24.04.3తో 6.14కి. మామూలు అప్‌డేట్ అనుకుని కొట్టినదాంట్లోనే కెర్నల్ ఇలా ఎగిరి కూర్చుంటుంది. కెర్నల్ తన సంగతులు రాసుకునే డీమెస్‌జీ (dmesg) లాగ్ తీసి చూస్తే ఆ డ్రైవరే ఒక చోట నేను ఎరగని హైపర్‌వైజర్ (వర్చువల్ మిషన్లని నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడుస్తున్నట్టున్నా, ఈ అమరిక చెడి ఉండొచ్చు అని గొణుక్కుంటూ ఉంటుంది. ఆ లైను బాగా పనిచేసే మిషన్లలో కూడా కనిపిస్తుంది కాబట్టి దాన్ని చూసి బెంబేలు పడకు.

దీనికి తోడు గెస్ట్ ఎడిషన్స్ (Guest Additions), అంటే స్క్రీన్, కాపీ పేస్ట్ లాంటివి సరిగ్గా నడవడానికి లోపలి ఉబుంటులో వేసుకునే వర్చువల్‌బాక్స్ వాళ్ల సాఫ్ట్‌వేర్. అవి నీ కెర్నల్ కొలతలకి కుట్టించిన జాకెట్టు లాంటివి, కెర్నల్ మారితే మళ్లీ కొలత తీసి మళ్లీ కుట్టాలి, లేకపోతే విండో పెద్దది చేసినా లోపలి స్క్రీన్ పెరక్కపోవడం, కాపీ పేస్ట్ ఆగిపోవడం, ఒక్కోసారి డెస్క్‌టాపే రాకపోవడం.

సరే, చేతి పనికి వద్దాం. మిషన్‌ని పూర్తిగా ఆపు. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు, విండో మూసేటప్పుడు సేవ్ ది మిషన్ స్టేట్ అని ఉంటే అదే ఓకే కొట్టేస్తారు, అప్పుడు ఆ నల్ల స్క్రీన్‌నే భద్రంగా దాచిపెట్టి మళ్లీ ఆన్ చేసినప్పుడు అదే చూపిస్తుంది, పైగా సెట్టింగ్స్ అన్నీ బూడిద రంగులో మారి దేన్నీ ముట్టుకోనివ్వదు. అలా అయ్యుంటే డిస్కార్డ్ సేవ్డ్ స్టేట్ కొట్టు, పోయేదేం లేదు, సేవ్ చెయ్యని పని తప్ప. తర్వాత సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే తెరువు. 7.1 నుంచి బేసిక్, ఎక్స్‌పర్ట్ అని రెండు రకాలు పెట్టారు, కొన్ని ఆప్షన్లు కనపడకపోతే ఎక్స్‌పర్ట్ నొక్కు. వీడియో మెమరీ 16 ఎంబీ ఉంటే 128కి లాగు. ఎనేబుల్ త్రీడీ యాక్సిలరేషన్ దగ్గర టిక్ ఉంటే తీసేయ్. కంట్రోలర్ వీఎంఎస్‌వీజీఏనే ఉండనీ. ఇప్పుడు ఆన్ చేసి చూడు. నా మట్టుకు నేను ఎవరు అడిగినా మొదట తీయించేది ఆ త్రీడీ టిక్కే, షెల్ స్క్రిప్టులు రాసుకునేవాళ్లకి త్రీడీతో పనేంటి అసలు.

అప్పటికీ నలుపే అయితే పాత కెర్నల్‌తో లేపి చూడు. ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకునే చోటు గ్రబ్ మెనూ, ఉబుంటు ఒక్కటే ఉన్న మిషన్‌లో అది దానంతటది కనపడదు, ఆన్ చేసిన వెంటనే విండోలో క్లిక్ చేసి షిఫ్ట్ నొక్కి పట్టుకో, మిషన్ సెట్టింగ్స్‌లో ఈఎఫ్ఐ అనే బూట్ పద్ధతి ఎనేబుల్ చేసి ఉంటే షిఫ్ట్ కాదు, ఎస్కేప్ ఒక్కసారి తట్టు. ఎస్కేప్ అదే పనిగా టకటకా కొడితే గ్రబ్ అని రాసున్న ఖాళీ ప్రాంప్ట్‌లోకి పోతుంది, అప్పుడు రీసెట్ కొట్టి మళ్లీ మొదలెట్టు, రెండు మూడు ప్రయత్నాలు పట్టడం మామూలే. మెనూ వచ్చాక అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే కెర్నళ్ల లిస్టు ఉంటుంది, పైది కొత్తది, దాని కిందున్న పాత నంబర్ ఎంచుకుని ఎంటర్. దాంతో డెస్క్‌టాప్ మామూలుగా వచ్చేసిందనుకో, దొంగ కొత్త కెర్నలే అని తేలిపోయినట్టే. అప్పుడు నీ ఎక్స్‌టర్నల్ అయ్యేదాకా పాత కెర్నల్‌తోనే పని చేసుకో తల్లీ, రిపేర్ తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు. ఆ వారం ఆటోరిమూవ్ మాత్రం కొట్టకు, పాత కెర్నళ్లని ఊడ్చేసే పని కూడా దానిదే.

పరీక్ష అయ్యాక చెయ్యాల్సినది. ముందు విండోస్‌లో వర్చువల్‌బాక్స్‌ని కొత్త వెర్షన్‌కి తెచ్చుకో, ఎందుకంటే పాత వర్చువల్‌బాక్స్‌తో వచ్చిన గెస్ట్ ఎడిషన్స్‌కి కొత్త కెర్నల్ తెలీదు, కుట్టడం మధ్యలోనే ఆగిపోతుంది. తర్వాత ఉబుంటుని కొత్త కెర్నల్‌తోనే లేపి, నలుపు వచ్చినా పర్లేదు, టీటీవై3కి వెళ్లి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ డీకేఎంఎస్ కొట్టు. విండో పైన డివైసెస్ మెనూలో ఇన్‌సర్ట్ గెస్ట్ ఎడిషన్స్ సీడీ నొక్కి, ఆ సీడీని మౌంట్ చేసి అందులో వీబాక్స్‌లైనక్స్‌ఎడిషన్స్ అని రన్‌తో ముగిసే ఫైలుని (VBoxLinuxAdditions.run, ఈ పేరు మాత్రం పెద్ద అక్షరాలతో సహా ఇలాగే కొట్టాలి) సుడోతో నడుపు. ఫెయిల్డ్ అని వస్తే కారణం వార్ (var) ఫోల్డర్‌లోని లాగ్‌లో వీబాక్స్‌యాడ్-సెటప్ అనే ఫైల్లో రాసి ఉంటుంది, చివరి ఇరవై లైన్లు చదివితే చాలు. ఒకటి గుర్తుంచుకో, ఆప్ట్ ద్వారా వచ్చే వర్చువల్‌బాక్స్ గెస్ట్ ప్యాకేజీలూ ఈ సీడీవీ రెండూ కలిపి వెయ్యకు, ఏదో ఒకటి.

ఇంకా రాకపోతే డెస్క్‌టాప్ బొమ్మ వేసే కొత్త పద్ధతి వేలండ్‌ని ఆపి చూడొచ్చు, అప్పుడు పాత పద్ధతి ఎక్స్ఆర్గ్ అందుకుంటుంది. ఈటీసీలో జీడీఎం3 ఫోల్డర్, అందులో కస్టమ్ డాట్ కాన్ఫ్ ఫైలు, నానోతో తెరిచి వేలండ్ ఎనేబుల్ ఈజ్ ఈక్వల్ టు ఫాల్స్ అన్న లైను ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి సేవ్ చేసి రీబూట్. 24.04లో ఇది పనిచేస్తుంది. ఉబుంటు 25.10లో దాని డెస్క్‌టాప్ గ్నోమ్‌కి ఆ పాత ఎక్స్ఆర్గ్ సెషనే తీసేశారు, అక్కడ ఈ చిట్కా చెల్లదు. గ్రబ్‌లో ఇంగ్లీషు ఈ (e) అక్షరం కీ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే లైను చివర నోమోడ్‌సెట్ చేర్చి కంట్రోల్ ఎక్స్ కొట్టడం ఇంకో దారి, అది ఆ ఒక్కసారికే, స్క్రీన్ గరుగ్గా మొద్దుగా వస్తుంది కానీ ఫైళ్లు బయటికి తీసుకోడానికి సరిపోతుంది.

అన్నట్టు, టీటీవై3లో ఉన్నప్పుడే డీఎఫ్ హైఫన్ హెచ్ కొట్టి చూడు. డిస్కుకి 20, 25 జీబీ ఇచ్చి దాంట్లో అన్నీ కుక్కేసి ఉంటే, ఉత్త స్లాష్ ఉన్న లైనులో 100 శాతం అని కనపడుతుంది, అప్పుడు గ్రాఫిక్స్ తప్పేమీ లేదు, జాగా లేక లాగిన్ స్క్రీన్ లేవట్లేదంతే. సుడో ఆప్ట్ క్లీన్ కొట్టి, డౌన్‌లోడ్స్‌లో చెత్త తీసేస్తే లేచి కూర్చుంటుంది. నిజానికి ఇది మొదట్లోనే చెప్పాల్సింది.

ప్రశ్న: అయ్యా, విజయవాడలో ముప్పై ఏళ్లుగా డీటీపీ చేస్తున్నాను. పెళ్లి శుభలేఖలు, స్తోత్రాల పుస్తకాలు, పాత కస్టమర్ల ఫైళ్లు అన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవే. కొత్త కంప్యూటర్‌లో అవి సరిగ్గా రావని మా అబ్బాయి వర్చువల్‌బాక్స్‌లో విండోస్ ఎక్స్‌పీ పెట్టిచ్చాడు, రెండేళ్లు హాయిగా నడిచింది. మొన్న కంప్యూటర్ విండోస్ 11కి మారింది, ఆ ఊపులో మావాడు యూట్యూబ్ చూసి సెట్టింగ్స్‌లో ఏవేవో మార్చాడు. ఇప్పుడు ఎక్స్‌పీ వస్తుంది కానీ ఐకాన్లు ఇంతింత లావుగా, రంగులు వెలిసిపోయి ఉన్నాయి, పేజ్‌మేకర్ తెరిస్తే టూల్‌బాక్సే సగం స్క్రీన్ తినేస్తోంది. శుభలేఖల సీజను, దయచేసి చెప్పండి.

జవాబు: మీ అబ్బాయి గ్రాఫిక్స్ కంట్రోలర్ మార్చేసి ఉంటాడండి, అంతే. పైన చెప్పిన వీఎంఎస్‌వీజీఏ లైనక్స్‌కి మంచిదని వీడియోల్లో చెప్తారు, దాన్ని ఎక్స్‌పీకి పెడితే డ్రైవర్ దొరక్క 640 బై 480, 16 రంగుల్లోకి పడిపోతుంది. విండోస్ 7 కంటే ముందువాటికి వర్చువల్‌బాక్స్ ఇచ్చేది వీబాక్స్‌వీజీఏ. ఎక్స్‌పీని స్టార్ట్ మెనూ నుంచి షట్‌డౌన్ చేసి, సెట్టింగ్స్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ కంట్రోలర్ దగ్గర వీబాక్స్‌వీజీఏ ఎంచుకోండి. త్రీడీ టిక్ ఉంటే తీసేయండి, ఆ కంట్రోలర్‌కి త్రీడీ అసలు లేదు. ఇంతకుముందు గెస్ట్ ఎడిషన్స్ వేసే ఉన్నాయి కాబట్టి ఆన్ చెయ్యగానే పాత డ్రైవరే మళ్లీ అందుకుంటుంది. అప్పటికీ ఐకాన్లు లావుగానే ఉంటే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, సెట్టింగ్స్ ట్యాబ్‌లో 1024 బై 768, రంగులు 32 బిట్ పెట్టుకోండి.

పనిలో పని ఇంకోటి, ఎక్స్‌పీకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి, ఆ మిషన్‌కి ఇంటర్నెట్ ఇవ్వకండి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ దగ్గర ఎనేబుల్ అడాప్టర్ టిక్ తీసేయండి, ఫైళ్లు ఇటూ అటూ పంపుకోడానికి షేర్డ్ ఫోల్డర్ ఉంది, దానికి నెట్‌వర్క్ అక్కర్లేదు. అన్నీ సర్దుకున్నాక కుడి కంట్రోల్, టీ నొక్కి ఒక స్నాప్‌షాట్, అంటే మిషన్ ఇప్పుడున్న స్థితికి నకలు, తీసి పెట్టుకోండి, ఈసారి మీవాడు యూట్యూబ్ చూసినా ఒక్క క్లిక్కుతో వెనక్కి రావచ్చు. శుభలేఖ మ్యాటర్ కస్టమర్‌కి వాట్సాప్‌లో పంపితే పిచ్చి గీతలు వస్తున్నాయంటే అది స్క్రీన్ జబ్బు కాదు, అను అక్షరాలు యూనికోడ్ కావు, మార్చి పంపాలి.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది కరీంనగర్, ఒక కాలేజీల కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంట. విండోస్ అప్‌డేట్ అయినంక కొన్ని సిస్టంలల్ల వర్చువల్ మిషన్ ఆన్ జేస్తే ఐదారు నిమిషాలు నల్లగనే ఉంటుంది, ఎప్పటికో డెస్క్‌టాప్ వస్తది గానీ మౌస్ జరిపితే నత్త లెక్క పోతది. విండో కింద ఒక పచ్చ తాబేలు బొమ్మ కనవడుతుంది. గదేంది? వైరసా?

జవాబు: వైరస్ కాదు తమ్ముడూ, ఆ తాబేలే నీకు జవాబు చెప్తోంది. ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయాన్ని విండోస్ తన సొంత వర్చువల్ మిషన్ సదుపాయం హైపర్-వీ కోసం ముందే పట్టేసుకుంది, వర్చువల్‌బాక్స్ ఇప్పుడు దాని నెత్తిమీద ఎక్కి నడుస్తోంది, అందుకే ఆ నడక. మామూలుగా అక్కడ తాబేలుకి బదులు వీ అక్షరం ఉన్న చిన్న చిప్ బొమ్మ ఉంటుంది, బాగున్న సిస్టం పక్కన పెట్టి చూడు తెలుస్తుంది.

టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్ తెరిచి హైపర్-వీ, వర్చువల్ మిషన్ ప్లాట్‌ఫాం, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫాం మూడు టిక్కులూ తీసేయ్. విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ, కోర్ ఐసోలేషన్, అక్కడ మెమరీ ఇంటెగ్రిటీ ఆఫ్. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి బీసీడీఎడిట్ స్లాష్ సెట్ హైపర్‌వైజర్‌లాంచ్‌టైప్ ఆఫ్ కొట్టి రీస్టార్ట్ చెయ్యి, షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే ఒక్కోసారి ఫాస్ట్ స్టార్టప్ వల్ల మార్పు అందదు, రీస్టార్టే కొట్టాలి. మళ్లీ మామూలుగా కావాలంటే ఆఫ్ తీసేసి ఆటో. విండోస్‌లోనే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్2, డాకర్ లాంటివి వాడే సిస్టంలలో ఇది చేస్తే అవి ఆగిపోతాయి, ముందే ఫ్యాకల్టీని అడుగు, లేకపోతే పొద్దున్నే నీ మీద పడతారు. మెమరీ ఇంటెగ్రిటీ అనేది రక్షణ కోసం పెట్టిందే, ల్యాబ్ సిస్టంలలో తీసెయ్యి గానీ ఆఫీసు రూంలో ఫీజులు కట్టించుకునే కంప్యూటర్ జోలికి పోకు.

ప్రశ్న: డాలస్ నుంచి రాస్తున్నానండి. నా సిస్టం మొత్తం లైనక్సే, దాని మీద వర్చువల్‌బాక్స్. కెర్నల్ 6.12కి అప్‌డేట్ అయ్యాక వీఎం ఆన్ చేస్తే నల్ల విండో ఒక్క క్షణం మెరిసి మాయం, వీఎంఎక్స్ రూట్ మోడ్ అని ఏదో ఎర్రర్ ఇస్తుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్ అన్నీ మార్చి చూశా, ఏం లాభం లేదు.

జవాబు: మీది డిస్‌ప్లే జబ్బే కాదండీ, మిషన్ అసలు మొదలే కావట్లేదు, ఆ మార్చినవన్నీ వెనక్కి పెట్టేసుకోండి. 2024 నవంబర్‌లో వచ్చిన 6.12 నుంచి లైనక్స్ సొంత వర్చువల్ మిషన్ సదుపాయమైన కేవీఎం మాడ్యూల్ లోడ్ అవ్వగానే ప్రాసెసర్ వర్చువలైజేషన్‌ని తన చేతిలోకి తీసేసుకుంటోంది, అంతకుముందు ఎవరైనా కేవీఎం వీఎం ఆన్ చేస్తేనే తీసుకునేది. వర్చువల్‌బాక్స్ వెళ్లి చూస్తే కుర్చీలో ఇంకొకరున్నారు. ఇప్పటికిప్పుడు పని కావాలంటే సుడో మోడ్‌ప్రోబ్ హైఫన్ ఆర్ కేవీఎం అండర్‌స్కోర్ ఇంటెల్, ప్రాసెసర్ ఏఎండీది అయితే ఇంటెల్ బదులు ఏఎండీ. రీబూట్ చేస్తే మళ్లీ వచ్చి కూర్చుంటుంది కాబట్టి శాశ్వతంగా కావాలంటే గ్రబ్‌లో కెర్నల్ లైను చివర కేవీఎం డాట్ ఎనేబుల్ అండర్‌స్కోర్ వర్ట్ అండర్‌స్కోర్ ఎట్ అండర్‌స్కోర్ లోడ్ ఈజ్ ఈక్వల్ టు 0 అని చేర్చండి, ఇందులో వర్ట్ అంటే వర్చువల్‌లో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలే, ఆ మాట మొత్తం కొడితే పట్టించుకోదు. ఇలా చేర్చినా కేవీఎం వాడే వేరే వీఎంలు మామూలుగానే నడుస్తాయి, రెండూ ఒకేసారి ఆన్ చెయ్యకపోతే చాలు.